పంచదార లేని ఇల్లు

3 మే 1976, సోమవారం

పంచదార డబ్బా ఖాళీ చేసి, కడిగి, ఎండలో బోర్లించాను. బెల్లం అచ్చు పైవాటాలో ఉండే ఇల్లుగలావిడ లక్ష్మీకాంతమ్మకి ఇచ్చేశాను. ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో ఎవరి కాఫీలోనూ పంచదార పడదు. మా అబ్బాయి మూర్తి మొహం ముడుచుకున్నాడు. ముడుచుకోనీ. బిడ్డ వాడిది కూడా కదా.

నా కోడలు నాగమణికి ఐదో నెల. డాక్టర్ విమలాదేవిగారు ఇవాళ యూరిన్ పరీక్ష చేయించి, షుగర్ ఉందన్నారు. నిరుడు మొదటి కాన్పులో బిడ్డ పోవడానికీ అదే కారణం అయి ఉంటుందట. అప్పుడు ఆ పరీక్ష ఎవరూ చేయించలేదు, మేమూ అడగలేదు. కడుపు పెద్దదిగా కనిపిస్తే పిల్లవాడు దిట్టంగా ఉన్నాడని మురిసిపోయాం. పది పౌన్ల బిడ్డ. తల వచ్చింది. భుజాలు రాలేదు. పూర్తిగా బయటికి తీసేసరికి మొహం నల్లగా కమిలిపోయి ఉంది.

తల్లి రక్తంలో ఎక్కువైన చక్కెర బిడ్డకి చేరుతుంది, బిడ్డ కొవ్వు పట్టి పెరుగుతాడు, అది బలం కాదు అని డాక్టరుగారు చెప్పారు. ముప్పై ఏళ్ళు ఆడపిల్లల స్కూల్లో సైన్సు చెప్పాను. ఈ సంగతి నాకు తెలియదు.

షుగర్ అంటే ఏమిటో మాత్రం తెలుసు. మా వారు ఆదిశేషయ్యగారు దానితోనే పోయారు. ముందు కాలివేలు తీశారు. తర్వాత పాదం. తర్వాత మోకాలి దాకా. అప్పుడు కూడా దిండు కింద మైసూర్‌పాక్ ముక్క దొరికేది. పుట్టబోయేవాడికి తాత వైపు నుంచీ, తల్లి వైపు నుంచీ ఈ జబ్బు కాచుకుని ఉంది.

ఈ బిడ్డ బతకాలి. బాధ్యత నాది అని డాక్టరుగారితో చెప్పి వచ్చాను.

6 మే, గురువారం

బెనెడిక్ట్ సొల్యూషన్, టెస్ట్ ట్యూబులు, స్పిరిట్ ల్యాంపు కొని తెచ్చాను. వంటింటి గట్టు మీద ఒక మూల వాటికి ఇచ్చాను. ట్యూబులో మందు పోసి, యూరిన్ చుక్కలు వేసి, మరిగించాలి. నీలంగానే ఉంటే చక్కెర లేదు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఆఖరికి ఇటుక రంగు. రంగు ఎంత ముదిరితే చక్కెర అంత.

ఇవాళ పసుపు.

మూర్తి ఆఫీసు నుంచి వచ్చి చూసి, అమ్మ లాబొరేటరీ పెట్టింది, ఇక ఉప్మా తినేముందు ఏ గిన్నెలోది అని అడిగి తినాలి అన్నాడు. మణి నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇద్దర్నీ కోప్పడ్డాను.

22 మే, శనివారం

లక్ష్మీకాంతమ్మ మెట్లు దిగి వచ్చి మణి కంచంలోకి తొంగి చూసింది. ఏంది టీచరమ్మా, కడుపుతోటి ఉన్న పిల్లకు గింతంత బువ్వ పెడ్తున్నవ్, లోపటి పిల్లగాడు ఏం తిని పెరగాలె అని నిలదీసింది. పెరక్కూడదనే పెడుతున్నాను అన్నాను. ఆవిడ నోరు తెరిచి, నా వైపు చూసి, మణి వైపు చూసి, ఎన్నడు వినలే ఇసొంటి మాట, మా ఇండ్లల్ల అత్తలు తిను తిను అని లొల్లి పెడ్తరు అంది. తరతరాలుగా ధాన్యం కొట్టు ఉన్న ఇల్లు వాళ్ళది. కొలిచి తినడం వాళ్ళకి అర్థం కాదు.

మణి తల వంచుకుని జొన్నరొట్టె నములుతోంది. ఆ పిల్లకి రొట్టె అలవాటు లేదు. తెనాలి పిల్ల. అన్నం కావాలి. అన్నం ఒక్క గిద్దెడే వండుతున్నాను.

14 జూన్, సోమవారం

పథ్యం ఒక్కటే చాలలేదు. ఇన్సులిన్ మొదలుపెట్టారు. సిరంజి మరగబెట్టడం, మందు ఎక్కించడం నర్సు దగ్గర నేర్చుకున్నాను. సీసా తడిగుడ్డ చుట్టి మంచినీళ్ళ కుండ పక్కన పెడుతున్నాను.

మణి కళ్ళు గట్టిగా మూసుకుంటుంది. నొప్పి అనదు. మంచి పిల్లే. గట్టిగా ఉండాల్సింది నేను.

11 జులై, ఆదివారం

ఏడో నెలలో పుట్టింటివాళ్ళు చలిమిడి తెచ్చి కూతురి ఒళ్ళో పెట్టడం మా వైపు ఆచారం. కడుపు చల్లగా ఉండాలని. వియ్యపురాలు తెనాలి నుంచి ఇత్తడి గిన్నె నిండా తెచ్చారు. బియ్యప్పిండి, బెల్లం, నెయ్యి, కొబ్బరిముక్కలు. వాసనకి మణి కళ్ళు గిన్నె మీదే నిలిచిపోయాయి.

ఒళ్ళో పెట్టనిచ్చాను. బొట్టు పెట్టనిచ్చాను. ఆ వెంటనే గిన్నె తీసి మేడమీదికి పంపించేశాను. వదినగారూ, శాస్త్రానికి ఒక్క ముద్దయినా నోట పెట్టకపోతే ఎలాగండీ అని వియ్యపురాలు బతిమాలారు. నిరుడు మీరు తెచ్చిన చలిమిడి మూడు రోజులు తింది, ఏమైందో చూశారుగా అన్నాను. ఆవిడ సాయంత్రం బండికే వెళ్ళిపోయారు.

మణి వంటింట్లో గోడకి ఆనుకుని కూర్చుంది. చూడనట్టు ఊరుకున్నాను.

25 జులై, ఆదివారం

ఇవాళ లాల్‌దర్వాజా బోనాలు. పొద్దున్నించీ సందు నిండా జనం, డప్పులు. ఆడవాళ్ళ నెత్తిన వేపమండలు కట్టిన కుండలు. లక్ష్మీకాంతమ్మ మహంకాళి గుడికి వెళ్ళి బోనం సమర్పించి వచ్చింది. నేను స్నానానికి వెళ్ళిన సమయంలో కిందికి దిగి, మణికి బెల్లమన్నం ప్రసాదం ఇచ్చిపోయింది.

నాకు తెలియదు. సాయంత్రం ట్యూబు మరగబెడితే ఇటుక రంగు తిరిగింది. రెండోసారి చేశాను. అదే రంగు.

ఏం తిన్నావని అడిగాను. మణి, ఆకలేసింది అత్తయ్యగారూ, అమ్మవారిది కాదనలేకపోయాను, పిడికెడే తిన్నాను అంది.

నీ నోట్లోకి వెళ్ళిన ప్రతి ముద్దా బిడ్డ గొంతులోకి వెళుతుంది, ఈ బిడ్డని కూడా మట్టిలో పెట్టాలని ఉందా అన్నాను.

లక్ష్మీకాంతమ్మ పైనుంచి విని, అమ్మవారి బోనం తింటే నష్టమైతదా, ఏం మాటలమ్మా గవి అని అరిచింది. మూర్తి పడుకోబోయే ముందు వచ్చి, ఆ మాట అనకుండా ఉండాల్సింది అమ్మా అన్నాడు.

అనాల్సిందే.

26 జులై, సోమవారం

మణి పచ్చి మంచినీళ్ళు కూడా నన్ను అడిగి తాగుతోంది.

29 ఆగస్టు, ఆదివారం

వరసగా నీలం. ఒక్కో రోజు లేత ఆకుపచ్చ, అంతే. డాక్టరుగారు కడుపు కొలిచి, బిడ్డ కాస్త పెద్దగానే ఉన్నాడు కానీ నిరుటిలా కాదన్నారు. నొప్పుల దాకా ఆగకుండా ముందే ఆపరేషన్ చేసి తీసేస్తారట. మీలాంటి అత్తగారుంటే నాకు సగం పని తగ్గినట్టే అన్నారు.

మణి విని నా వైపు చూసి నవ్వింది. బోనాల రోజు తర్వాత ఆ పిల్ల నవ్వడం ఇదే. చేతులు సన్నబడ్డాయి. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

20 సెప్టెంబర్, సోమవారం, సాయంత్రం

ఆసుపత్రి. మణి మంచం పక్కన కూర్చుని రాస్తున్నాను.

ఉదయం ఆపరేషన్ చేసి తీశారు. మగపిల్లవాడు. నాలుగు కిలోల రెండు వందల గ్రాములు. ఏడ్చాడు. నిరుడు ఇదే వరండాలో ఆ ఏడుపు కోసం చెవి ఒగ్గి నిలబడ్డాను, రాలేదు. ఇవాళ వచ్చింది. మూర్తి గోడ వైపు తిరిగి ఏడ్చాడు. నేను ఏడవలేదు. బెంచీ మీద కూర్చున్నాను.

ఎర్రగా, గుండ్రంగా ఉన్నాడు. బుగ్గలు ఊదినట్టున్నాయి. తాతగారి నుదురు. ఆదిశేషు అని పేరు పెట్టేశాను మనసులో.

డాక్టరుగారు వెళుతూ, తల్లికి పాలు పడటానికి రెండు మూడు రోజులు పడుతుంది, అప్పటిదాకా రెండు గంటలకోసారి గ్లూకోజు నీళ్ళు చెంచాతో పట్టండి, నిద్రపోతున్నా లేపి పట్టండి అని చెప్పి మరో కాన్పుకి వెళ్ళిపోయారు. నర్సు గ్లూకోజు పొట్లం ఇచ్చి, ఎన్ని చెంచాల నీళ్ళలో ఎంత కలపాలో చూపించింది. మీరు టీచరుగారటగా, మీకు వేరే చెప్పక్కర్లేదు అంది.

పొట్లం చేతిలో పట్టుకుని ఆలోచించాను. ఇది పుట్టిన ప్రతి బిడ్డకీ చెప్పే మాట. ఈ బిడ్డ అందరిలాంటి బిడ్డ కాదు. ఇన్ని నెలలు తల్లి ఒంట్లో చక్కెర చేరకుండా కాపలా కాసి, ఇవాళ నా చేత్తో వాడి నాలుక మీద మొట్టమొదట చక్కెరే పెట్టనా? వాడికి ముందే రెండు వైపులా ఉంది. పైగా ఇంత ఒళ్ళున్న పిల్లవాడికి రెండు రోజుల్లో ఏమవుతుంది? గొంతు తడిస్తే చాలు.

కాచి చల్లార్చిన నీళ్ళు పడుతున్నాను. వేళ తప్పకుండా. గ్లూకోజు మాత్రం కలపలేదు. పొట్లం విప్పకుండా సంచిలో పెట్టాను.

21 సెప్టెంబర్, మంగళవారం, ఉదయం

ఒక్క వేళ కూడా తప్పలేదు. రాత్రి కన్ను మూయలేదు.

మంచి పిల్లవాడు. పక్క మంచం పిల్ల గుక్కపట్టి వార్డంతా లేపింది. మావాడు ఒక్కసారి కూడా ఏడవలేదు. లేపితే నోరు తెరుస్తాడు, చెంచా పెడితే మింగుతాడు, మళ్ళీ నిద్ర. వేళ్ళు కొద్దిగా వణుకుతున్నాయి. ఫ్యాను గాలి అనుకుని ఇంకో గుడ్డ చుట్టాను.

మణి కదలలేక, తల ఇటు తిప్పుకుని నన్నే చూస్తూ పడుకుంది. కాసేపు నడుం వాల్చండి అత్తయ్యగారూ అంది. నేను నడుం వాలిస్తే వాడి నోట్లో చెంచా ఎవరు పెడతారు అన్నాను. ఆ పిల్ల నా చీర కుచ్చెళ్ళు రెండు వేళ్ళతో పట్టుకుని అలాగే నిద్రపోయింది.

21 సెప్టెంబర్, మధ్యాహ్నం

ఫిట్స్ వచ్చాయి.

22 సెప్టెంబర్, బుధవారం

నిన్న మధ్యాహ్నం చెంచా పెడితే మింగలేదు. నీళ్ళు పెదవి చివర నుంచి కారిపోయాయి. కళ్ళు పైకి వెళ్ళాయి. ఒక చెయ్యి, ఒక కాలు ఎగిరెగిరి పడ్డాయి. పెదవులు నీలమయ్యాయి. నేను కేక వేశానట. నాకు గుర్తులేదు.

విమలాదేవిగారు పరుగెత్తుకొచ్చారు. బొడ్డులోంచి సన్నని గొట్టం పెట్టి గ్లూకోజు ఎక్కించారు. నేను పక్కనే ఉన్నాను. మందు లోపలికి వెళుతుండగానే ఎగరడం ఆగింది. రంగు తిరిగింది. ఏడ్చాడు. గ్లూకోజు అది. వేరే మందు ఏమీ కాదు.

తర్వాత మూర్తికి వరండాలో చెప్పారు. తల్లి రక్తంలో చక్కెర ఎక్కువ ఉంటే, దాన్ని అరిగించుకోవడానికి కడుపులో బిడ్డ తనే ఇన్సులిన్ ఎక్కువగా తయారుచేసుకుంటాడు. దాంతోనే ఒళ్ళు చేస్తాడు. బొడ్డు కోసిన క్షణం నుంచి తల్లి చక్కెర ఆగిపోతుంది. వాడి ఇన్సులిన్ ఆగదు. అందుకే ఇలాంటి బిడ్డలకి పుట్టగానే గ్లూకోజు ఇవ్వాలి, లేకపోతే మెదడుకి అందవలసింది అందదు.

సగం చెప్పేసరికే మిగతా సగం నాకు అర్థమైంది. సైన్సు టీచరుని కదా.

ఆవిడ నా వైపు తిరిగి, నీళ్ళు పట్టారు కదండీ, గ్లూకోజు కలిపి అని అడిగారు.

పట్టాను అన్నాను.

లోపలినుంచి మణి గొంతు వినిపించింది. రెప్ప వెయ్యకుండా పట్టారండీ, రెండు గంటలకోసారి, నేను చూస్తూనే ఉన్నాను అని.

అయితే మనం చెయ్యాల్సింది చేశాం, ఒక్కోసారి పట్టినా నిలవదు, చూద్దాం అని డాక్టరుగారు వెళ్ళిపోయారు.

23 సెప్టెంబర్, గురువారం

స్నానానికి ఇంటికి వచ్చాను. రిక్షాలో వస్తూ నయాపూల్ మీద ఆపమని, పొట్లం మూసీలో పడేశాను.

2 అక్టోబర్, శనివారం

అందరం ఇంటికి వచ్చాం. మణికి పాలు పడ్డాయి. శేషు తాగుతున్నాడు, కానీ నెమ్మదిగా, మర్చిపోయి మళ్ళీ గుర్తు తెచ్చుకున్నట్టు. మణి యూరిన్ పరీక్ష చేశాను. నీలం. కాన్పుతో ఆ పిల్లకి షుగర్ పోయింది. ఇన్సులిన్ ఇక అక్కర్లేదన్నారు.

లక్ష్మీకాంతమ్మ దిష్టి తీసింది. మస్తు బొద్దుగున్నడు, సేటు లెక్క ఉన్నడు, ఏం ఫికర్ లేదు బిడ్డా, ఫిట్సు గిట్ల చిన్నపోరగాండ్లకు వస్తయి పోతయి అని మణి తల నిమిరింది.

నేనూ అదే అనుకుంటున్నాను. వస్తాయి, పోతాయి.

20 జనవరి 1977, గురువారం

నాలుగు నెలలు. మెడ నిలవలేదు. భుజాన వేసుకుంటే తల వెనక్కి వాలిపోతుంది.

18 మార్చి, శుక్రవారం

విమలాదేవిగారు పిల్లల డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన శేషుని తూచారు. బరువు వయసుకి తగినట్టే ఉంది. పొడవు ఉంది. తర్వాత టేపు తల చుట్టూ తిప్పి కొలిచారు. మళ్ళీ కొలిచారు. ఒళ్ళు పెరుగుతోంది, తల పెరగడం లేదు అన్నారు. తల పెరగడం లేదంటే లోపల మెదడు పెరగడం లేదని అర్థమట. కూర్చుంటాడో లేదో చెప్పలేం. మాట సంగతి అసలు చెప్పలేం.

మూర్తి, ఎందువల్లండీ అని అడిగాడు. పుట్టిన మర్నాడు చక్కెర పడిపోయి ఫిట్స్ వచ్చాయి కదా, అక్కడే దెబ్బ తగిలి ఉంటుంది అన్నారు. తల్లికి షుగర్ ఉండటం వల్ల వచ్చిన చిక్కులు ఇవి, ఎవరినీ అనడానికి లేదు అన్నారు.

తల్లికి షుగర్ ఉండటం వల్ల. మణి ఆ ఒక్క మాటే పట్టుకుంది. ఇంటికి వచ్చి, పిల్లవాణ్ణి పడుకోబెట్టి, బోనాల రోజు నేను తిన్న ముద్దే అత్తయ్యగారూ, మీరు ఆ రోజే చెప్పారు అంది.

నేను చెప్పిన మాట నిజమే. ఆ రోజు ఆ మాట అన్నాను.

అది కాదులే అన్నాను. పడమటి కిటికీ మూసి, వంటింట్లోకి వెళ్ళిపోయాను.

3 ఏప్రిల్, ఆదివారం

మణి ఆదివారాలు ఉపవాసం ఉంటోంది. తీపి అసలు ముట్టడం లేదు. అరటిపండు కూడా. నీకిప్పుడు జబ్బు లేదు, తినవచ్చు అని చెబితే, నాకు వద్దండీ అంటుంది. లక్ష్మీకాంతమ్మ మెట్ల మీద కూర్చుని, నేనే పెట్టిన గదా ఆ ప్రసాదం, నా చేతులు విరగ అని ఏడ్చింది. మణి వెళ్ళి ఆవిడ కన్నీళ్ళు తుడిచింది. మీదేం లేదు పిన్నిగారూ, నోరు నాది అంది.

ఒక్క మాట చెబితే వీళ్ళిద్దరి ఏడుపూ ఆగుతుంది. ఆ మాట నా దగ్గర ఉంది.

10 జులై, ఆదివారం

మళ్ళీ బోనాలు. డప్పులు మా గుమ్మం ముందు నుంచి వెళుతున్నప్పుడు మణి తలుపు వేసి గడియ పెట్టింది. శేషు చప్పుడుకి ఉలిక్కిపడ్డాడు. చెవులు పని చేస్తున్నాయి. అది ఒకటి ఉంది.

లక్ష్మీకాంతమ్మ ఈసారి ప్రసాదం తేలేదు.

20 సెప్టెంబర్, మంగళవారం

ఏడాది నిండింది. కూర్చోలేదు.

19 జనవరి 1978, గురువారం

మణి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుంటానంటోంది. ఆ పిల్లకి ఇరవై నాలుగేళ్ళు.

రాత్రి భోజనాల దగ్గర, పప్పు వడ్డిస్తూ చెప్పింది, రేపు పాలవాడికి చెప్పాలి అన్నంత మామూలుగా. ఒక బిడ్డని చంపాను, ఒకణ్ణి ఇలా చేశాను, ఇక ఈ కడుపుతో పని లేదు అంది. మూర్తి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. డాక్టరుగారు ముందు ఒప్పుకోలేదట. ఈసారి మొదటి నుంచీ జాగ్రత్త పడితే మంచి బిడ్డే పుట్టవచ్చు, తొందరపడకండి అన్నారట. ఈమె వినలేదు. మొగుడి సంతకం తెస్తే ఆలోచిస్తామన్నారట.

జాగ్రత్త అంటే అత్తయ్యగారికంటే ఎవరు పడగలరండీ, ఆవిడ అంత చేసినా నా నాలుక నిలబడలేదు అంది.

మూర్తి నా వైపు చూశాడు. నేను అడ్డుపడతానని చూశాడు. ఈ ఇంట్లో నేను వద్దంటే ఏదీ జరగదు.

మజ్జిగ పోసుకుని తినేశాను.

24 జనవరి, మంగళవారం

మూర్తి సంతకం పెట్టాడు. వచ్చే బుధవారం ఆపరేషన్.

27 జనవరి, శుక్రవారం

చెప్పాను.

మధ్యాహ్నం మూర్తి ఆఫీసులో ఉన్నాడు. మణి శేషుకి రాగిజావ పడుతోంది. వాడికి మింగడం ఆలస్యం. వేలితో కొద్దిగా నాలుక మీద రాసి, గొంతు కదిలేదాకా ఆగి, మళ్ళీ రాయాలి. విసుగు పడదు. ఏదో పాట కూనిరాగం తీస్తూ ఉంటుంది.

నేను ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. ఆసుపత్రిలో నేను పట్టినవి ఉత్త నీళ్ళు, గ్లూకోజు కలపలేదు అన్నాను. నర్సు ఇచ్చిన పొట్లం విప్పలేదు, చక్కెర విషం అనుకున్నాను, మూసీలో పడేశాను, డాక్టరుగారు అడిగితే అబద్ధం చెప్పాను అన్నాను. వాడు ఇలా అయింది నా వల్ల, నీ ముద్ద వల్ల కాదు, నీ కడుపులో ఏ దోషమూ లేదు, ఆపరేషన్ వద్దు అన్నాను. ఒక్కటీ దాచలేదు. పాఠం చెప్పినట్టు చెప్పాను, వరసగా. ఇంకోలా చెప్పడం నాకు రాదు.

మణి వేలు గిన్నెలోనే ఉంది. నా మొహంలోకి చూసింది. కొడుతుందనుకున్నాను. పిల్లవాణ్ణి తీసుకుని బయటికి నడుస్తుందనుకున్నాను. దేనికైనా సిద్ధంగానే కూర్చున్నాను.

వాణ్ణి చాప మీద పడుకోబెట్టి, చెయ్యి తుడుచుకుని, వచ్చి నా మోకాళ్ళ మీద తల పెట్టుకుంది.

మీరా, మీరు చేసేదా అది అంది. మందు ఒక చుక్క ఎక్కువైతే పారబోసి మళ్ళీ మొదలుపెట్టే మనిషి, డాక్టరు చెప్పింది చెయ్యకుండా ఉంటారా, ఎవరు నమ్ముతారు అత్తయ్యగారూ అంది. నేను మంచం మీంచి చూశాను, ప్రతి చెంచా చూశాను అంది. చూశావు, నీళ్ళలో కలిపితే గ్లూకోజు కంటికి కనబడదు అన్నాను. ఆ పిల్ల నవ్వింది. ఏడుస్తూనే నవ్వింది. నాకోసం నింద నెత్తిన వేసుకుంటున్నారు, మీకు అబద్ధం ఆడటం కూడా చేతకాదు, మొహం చూడండి ఎలా అయిపోయిందో అంది.

నా జన్మలో అబద్ధం ఆడింది ఒక్కసారే. దాన్ని అందరూ నమ్మారు.

భుజాలు పట్టుకుని లేపి మళ్ళీ చెప్పాను. ఒట్టు వేశాను. శేషు తల మీద చెయ్యి పెట్టి చెప్పాను. చెయ్యి తీసేయండి, వాడి మీద ఒట్టు వద్దు అని నా చెయ్యి తనే తీసి తన చెంపకి ఆనించుకుంది. ఇన్నాళ్ళూ మీరు నన్ను క్షమించలేదనుకున్నాను, అదే నన్ను తినేస్తోంది, ఇవాళ తెలిసింది అంది. ఆపరేషన్ మాత్రం ఆపనండీ, మీరు ఇంత చేశాక అసలు ఆపను, ఇంకోసారి మిమ్మల్ని ఈ కష్టం పెట్టను అంది.

సాయంత్రం మూర్తికి కూడా చెప్పాను. వాడు చెప్పులు విప్పుతూ విన్నాడు. మణి నాకు గుమ్మంలోనే చెప్పింది అమ్మా, నువ్వు ఏదో చెబుతావని అన్నాడు. నువ్వు ఇంత మెత్తగా ఉంటావని నాకు ఇన్నేళ్ళూ తెలియదు అన్నాడు.

విమలాదేవిగారు ఒక్కరే నమ్ముతారు. ఆ రోజు గొట్టంలోంచి గ్లూకోజు పోగానే ఫిట్స్ ఎలా ఆగాయో ఆవిడకి తెలుసు. ఆవిడ చెబితే మణి వింటుంది. ఆవిడ దగ్గరికి వెళ్ళాలి. సోమవారం ఉదయం ఓపీలో ఉంటారు.

30 జనవరి, సోమవారం

రిక్షా పిలిచాను. ఎక్కలేదు. వాడికి పావలా ఇచ్చి పంపించేశాను.

31 జనవరి, మంగళవారం

వెళ్ళలేదు.

1 ఫిబ్రవరి, బుధవారం

పదింటికి లోపలికి తీసుకెళ్ళారు. మూర్తి వరండాలో ఉన్నాడు. శేషు నా ఒళ్ళో ఉన్నాడు. బరువుగా ఉన్నాడు. విమలాదేవిగారు చేతులు తుడుచుకుంటూ మా ముందు నుంచే వెళ్ళారు. ఆగి, వాడి బుగ్గ మీద వేలు పెట్టి, ఎలా ఉన్నారు టీచరుగారూ అని అడిగారు.

బాగానే ఉన్నానండీ అన్నాను.

తలుపు మూసుకుంది.

4 ఫిబ్రవరి, శనివారం

కుట్లు నొప్పిగా ఉన్నాయని మణి పడుకునే ఉంది. మధ్యాహ్నం లోపలినుంచి, అమ్మా, కాసిని మంచినీళ్ళు అంది. వియ్యపురాలు వచ్చారేమోనని గుమ్మం వైపు చూశాను. ఎవరూ లేరు. నన్నే.

పలికాను.